గోడల లెక్క, దొంగదీపాల కథ

గదిలో లైటు వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? స్విచ్చి నొక్కినంతసేపు. అదే గదిని కంప్యూటర్లో కట్టి, అందులో ఒక్కటంటే ఒక్క లైటు పెట్టి, చూసినవాడి చేత "ఆఁ, ఇది గదే" అనిపించడానికి మాత్రం దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. అప్పట్లో కంప్యూటర్లు నత్తనడక నడిచేవి కాబట్టి అని అంటారు. నిజమే, కానీ అది సగం కారణమే. గదిలో లెక్కకట్టాల్సింది దీపాన్ని కాదు, గోడల్ని. ఆ గోడల లెక్క ఎగ్గొట్టడానికి పడ్డ పాట్లే ఈ రంగం చరిత్రలో పెద్ద భాగం.

అపార్టుమెంటు బ్రోషర్లలో ధగధగలాడే హాలు బొమ్మలు ఉంటాయి చూడండి, వాటి వెనకున్న చరిత్ర ఇది. ఆ బొమ్మలు చూసి అడ్వాన్సులు కట్టేవాళ్ళలో మన ఐటీ జనాలు ఎంతమందో మీకు తెలియంది కాదు. కాబట్టి ఇదేదో అమెరికా ప్రొఫెసర్ల గొడవ, మనకెందుకులే అనుకోవద్దు. చివర్లో ఆ అడ్వాన్సు సంగతికే వస్తాను.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం. పాతకాలం మండువా ఇల్లు ఒకటి గుర్తుతెచ్చుకోండి. నడుమ ఆకాశం కనబడే ఖాళీ, చుట్టూ వసారా, ఆ వెనక గదులు. మధ్యాహ్నం ఎండ మండువాలో నేల మీద పడుతుంది. వెనక గదిలో కూర్చున్న తాతగారికి ఎండా కనబడదు, ఆకాశమూ కనబడదు. అయినా హాయిగా పేపరు చదువుకుంటారు. ఎలా? నేల మీద పడ్డ వెలుగు గోడకి తగిలి, గోడ నుంచి కప్పుకి తగిలి, అక్కణ్ణుంచి గుమ్మంలోంచి లోపలికొచ్చింది. అలా దెబ్బలు తింటూ వచ్చిన వెలుగే ఆ గదికి దిక్కు. పండక్కి సున్నం వేయించగానే ఇల్లంతా వెలుగొచ్చినట్టు ఉండేది ఇందుకే. కిటికీలు పెరగలేదు, దీపాలు పెరగలేదు. గోడలు వెనక్కిచ్చే వెలుగు పెరిగింది, అంతే.

దీన్ని అంకెల్లో పెడితే ఇంకా బాగా తెలుస్తుంది. నాలుగువైపులా మూసేసిన గది, లోపలొక దీపం. గోడలు, కప్పు, నేల అన్నీ కలిపి సగటున తమ మీద పడ్డ వెలుగులో సగం వెనక్కిస్తాయి అనుకుందాం. దీపం నుంచి నేరుగా 100 పాళ్ళు పడితే, దానివల్ల 50, దానివల్ల 25, అలా పోతుంది. మనం ఇంటర్లో చదువుకున్న గుణశ్రేఢే. మొత్తం 200. అదే తెల్లటి సున్నం వేసి 80 శాతం వెనక్కిచ్చేలా చేస్తే 100, 80, 64... మొత్తం 500! అంటే ఆ గదిలో అయిదు పాళ్ళ వెలుగుంటే నాలుగు పాళ్ళు గోడల పుణ్యమే. దీపం నేరుగా ఇచ్చింది ఒక్క పాలు.

మొదట్లో కంప్యూటరు గ్రాఫిక్సు లెక్కగట్టింది ఆ ఒక్క పాలునే.

1968లో ఐబీఎంలో పనిచేసే ఆర్థర్ అప్పెల్ ఒక పద్ధతి చెప్పాడు. కంటి నుంచి ఒక కిరణం వదిలి, అది దేనికి తగిలిందో చూసి, ఆ చోటు నుంచి దీపం కనబడుతోందా లేదా అని ఇంకో కిరణం వదిలి చూడటం. కనబడితే వెలుగు, లేకపోతే నీడ. తర్వాత యూటా యూనివర్సిటీలో 1971లో ఆంరీ గూరో, 1975లో బుయ్ తుఓంగ్ ఫాంగ్ వస్తువులకి నునుపు, మెరుపు అద్దే సూత్రాలు ఇచ్చారు. (ఫాంగ్ పాపం ఆ పేపరు అచ్చయిన ఏడాదే చనిపోయాడు. ఆయన పేరు మాత్రం ఈనాటికీ ప్రతి గ్రాఫిక్సు పుస్తకంలో ఉంది.) 1980లో బెల్ ల్యాబ్స్ నుంచి టర్నర్ విట్టెడ్ అద్దాల్లో ప్రతిబింబాలు, గాజులోంచి వంగే కిరణాలు కూడా లెక్కలోకి తెచ్చాడు. గళ్ళ నేల మీద తేలే గాజుగోళాల బొమ్మ ఆయనదే.

ఆ గోళాలు ఆరుబయట ఉన్నాయి గానీ గదిలో లేవు, గమనించారా? ఆరుబయట అయితే గోడల లెక్క అక్కర్లేదు కదా. మరి గది లోపల బొమ్మ గీయాలంటే ఏం చేసేవారు? దీపం నేరుగా పడనిచోట కటిక చీకటి వచ్చేస్తుంది కాబట్టి, కోడులో ఒక్క లైను కలిపేవారు. ప్రతి వస్తువుకీ దాని రంగులో పదో వంతో, అయిదో వంతో వెలుగు ఉచితంగా కలిపెయ్యడం. దీనికి యాంబియెంట్ అని పేరు. మంచం కిందా అంతే, కిటికీ పక్కనా అంతే. నాలుగు పాళ్ళ వెలుగుని ఒక స్థిరాంకంతో సరిపెట్టేశారన్నమాట. మన భాషలో చెప్పాలంటే హార్డ్‌కోడు చేసేశారు. ప్రొడక్షన్లో హార్డ్‌కోడు చేసిన అంకె ఎన్నేళ్ళు బతుకుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ లెక్కని నేరుగా ఢీకొన్నది కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు. అక్కడ డొనాల్డ్ గ్రీన్‌బర్గ్ ఆర్కిటెక్చరు మనిషి, కెన్నెత్ టొరెన్స్ మెకానికల్ ఇంజనీరింగు ప్రొఫెసరు. కొలిమిలో గోడ నుంచి గోడకి వేడి ఎలా పాకుతుందో లెక్కగట్టడం మెకానికల్ వాళ్ళకి పాత విద్యే. వేడి ఎలా పాకుతుందో వెలుగూ అలాగే పాకుతుంది కదా, ఆ సమీకరణాలే పట్టుకొచ్చి గదికి పెడితే? 1984లో సిండీ గోరల్, టొరెన్స్, గ్రీన్‌బర్గ్, బెన్నెట్ బటేల్ కలిసి అదే చేశారు. దానికి రేడియోసిటీ అని పేరు. గోడల్ని చిన్నచిన్న ముక్కలు చెయ్యి. ప్రతి ముక్క వెలుగూ మిగతా అన్ని ముక్కల వెలుగు మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఎన్ని ముక్కలుంటే అన్ని సమీకరణాలు రాసి ఒకేసారి సాధించు.

వాళ్ళు పరీక్షకి పెట్టుకున్న గది ఒట్టి డబ్బా. ఒక గోడ ఎరుపు, ఎదుటి గోడ నీలం, మిగతావి తెలుపు, లోపల ఏమీ లేదు. ఏమీ ఎందుకు లేదంటే, మధ్యలో ఏదైనా అడ్డమొస్తే లెక్క ఎలా మార్చాలో అప్పటికింకా కుదరలేదు. అది మరుసటేడు అదే కార్నెల్లో మైకేల్ కోహెన్, గ్రీన్‌బర్గ్ కుదిర్చారు. ఆ ఏడాదే జపానులో నిషిత, నకమాయె కూడా ఇదే దారిలో వచ్చారు. ఆ ఖాళీ డబ్బా బొమ్మలో ఒక వింత ఉంది. తెల్ల గోడ మీద, ఎర్ర గోడకి దగ్గరలో, లేత ఎరుపు. ఎవరూ వెయ్యని రంగు అది, లెక్కలోంచి దానంతటదే వచ్చింది. కార్నెల్ డబ్బా అంటే ఈ రంగంలో తెలియనివాళ్ళు ఉండరు. రంగులు మారాయి, లోపల రెండు పెట్టెలు చేరాయి గానీ, ఇవ్వాళ కొత్త రెండరర్ రాసే ప్రతివాడూ మొదట దిద్దే ఓనమాలు ఆ డబ్బాయే.

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఆ తర్వాతది. వాళ్ళు నిజంగా ఒక డబ్బా తయారుచేసి, రంగులు వేసి, దీపం పెట్టి, వెలుగుని పరికరాలతో కొలిచారు. అసలు డబ్బానీ, కంప్యూటరు బొమ్మనీ పక్కపక్కన కెమెరా అద్దాల్లోంచి మనుషులకి చూపించి ఏది ఏదో చెప్పమన్నారు. చూసినవాళ్ళు తేల్చుకోలేకపోయారు. ఈ పేపరు 1986లో వచ్చింది. బొమ్మ అందంగా ఉందా అని కాకుండా, బొమ్మ నిజమేనా అని పరీక్ష పెట్టడం! మన భాషలో టెస్టు కేసు రాశారన్నమాట. ఈ ఒక్క అలవాటుని ఆ తర్వాతి కాలం ఎంతవరకు నిలుపుకుందో చూద్దాం.

రేడియోసిటీకి రెండు రోగాలున్నాయి. ఒకటి, ముక్కలు పెరిగేకొద్దీ పని వర్గం లెక్కన పెరుగుతుంది. పదివేల ముక్కలంటే పది కోట్ల జతలు. రెండు, అది సున్నపు గోడల్లాంటి మెరుపులేని ఉపరితలాలకే పనికొస్తుంది. అద్దం పెట్టినా, పాలిష్ చేసిన గ్రానైటు వేసినా చేతులెత్తేస్తుంది.

ఇదే సమయంలో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్లీ ల్యాబులో గ్రెగ్ వార్డ్ అనే ఆయన ఇంకో దారిలో వెళ్ళాడు. ఆయన చుట్టూ ఉన్నది లైటింగు ఇంజనీర్లు, కరెంటు పొదుపు గురించి ఆలోచించేవాళ్ళు. వాళ్ళ ప్రశ్న సూటిగా ఉంటుంది: ఈ బల్ల మీద చదువుకోడానికి సరిపడా వెలుగు పడుతుందా లేదా? ఎన్ని లక్సులు? ఆయన రాసిన సాఫ్టువేరు పేరు రేడియన్స్. 1988లో ఆయన, తన సహచరులతో కలిసి, ఒక చక్కటి కిటుకు చెప్పాడు. గోడ మీద దెబ్బలు తిని వచ్చిన వెలుగు ఒక చోటి నుంచి పక్క చోటికి నెమ్మదిగానే మారుతుంది. కాబట్టి ప్రతి పిక్సెలుకీ లెక్కగట్టక్కర్లేదు, అక్కడక్కడా కట్టి, దాచుకుని, మధ్యలో ఉన్నవాటికి వీటి నుంచి సర్దెయ్యచ్చు. కాష్ అనే మాట మనకి కొత్త కాదు కదా, సరిగ్గా అదే. 1995లో ఇంగ్లండులో జాన్ మార్డాల్జెవిక్ రేడియన్స్ ఇచ్చే జవాబుల్ని నిజమైన ఆకాశం కింద, నిజమైన గదిలో కొలిచిన అంకెలతో సరిచూశాడు. 2002లో దాని సోర్సు కోడు అందరికీ ఇచ్చేశారు. ఈనాటికీ భవనాల్లో పగటి వెలుగు లెక్కలు వేసే చాలా సాఫ్టువేర్ల కడుపులో ఉన్నది రేడియన్సే.

ఇక మూడో దారి. 1986లో కాల్‌టెక్‌లో జిమ్ కజియా ఒక పేపరు రాశాడు, పేరు "రెండరింగ్ ఈక్వేషన్". అప్పటిదాకా వచ్చిన పద్ధతులన్నీ ఒకే సమీకరణానికి రకరకాల ఉజ్జాయింపులని తేల్చేశాడు. ఒక చోటు నుంచి బయల్దేరే వెలుగు అంటే అది సొంతంగా ఇచ్చేదీ, అన్ని దిక్కుల నుంచి వచ్చి పడ్డదాంట్లో వెనక్కిచ్చేదీ కలిపి. ఆ వచ్చి పడ్డది మళ్ళీ ఇంకో చోటు నుంచి బయల్దేరిందే. ఫంక్షను తనని తానే పిలుచుకుంటోంది, అదీ ఆగకుండా. దీన్ని సాధించడానికి ఆయన చెప్పిన మందు పాచికలాట. ప్రతి పిక్సెలు నుంచీ కిరణాన్ని వదిలి, అది ఎక్కడ తగిలితే అక్కణ్ణుంచి ఏదో ఒక దిక్కుకి పాచిక వేసి పంపించు. అలా బోలెడన్ని దారులు పంపి సగటు తీస్తే సరైన జవాబు దగ్గరికి వెళ్తుంది. దీన్నే పాత్ ట్రేసింగ్ అంటారు.

చెప్పడానికి ఇంత సులువు. మరి 1986లోనే గోడల లెక్క చేతికొచ్చేస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ఎందుకు పట్టింది? పాచికలాటలో ఒక శాపం ఉంది. బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. ఆ చుక్కల్ని సగానికి తగ్గించాలంటే కిరణాలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగురెట్లు చెయ్యాలి. పదో వంతుకి తేవాలంటే వందరెట్లు. కజియా ఆ పేపర్లో పెట్టిన ఒక బొమ్మకి పిక్సెలుకి 40 దారులు పంపితే ఐబీఎం పెద్ద కంప్యూటరు మీద ఇరవై గంటలు పైగా పట్టింది. అంతా చేసి ఇంకా చుక్కలే. సూత్రం సరైనదే, బిల్లు కట్టేవాడు లేడు.

కాబట్టి 1990లలో ఆఫీసుల్లో ఇంటి బొమ్మలు చేసేవాళ్ళు దొంగదీపాలతో బతికారు. ఇది నేను పెట్టిన పేరు. గదిలో నిజంగా ఉన్నవి రెండు లైట్లయితే, సీన్లో ముప్ఫై ఉండేవి. కప్పు మీద వెలుగు రావాలా? నేల అడుగున ఒక లైటు దాచు, నీడలు ఆపెయ్యి. ఎర్ర సోఫా పక్కన గోడ మీద ఎరుపు కావాలా? సోఫా పక్కన ఒక చిన్న ఎర్ర లైటు. మూల మరీ తెల్లగా ఉందా? మైనస్ విలువ ఇచ్చి ఒక లైటు పెట్టు, అది వెలుగుని పీల్చేస్తుంది! 3డీఎస్ మాక్స్‌లో ఈ సౌకర్యం నిజంగానే ఉంది. దీపం పెడితే చీకటి పడే ఇల్లన్నమాట. దీన్ని నేను వెక్కిరించడం లేదు. కార్నెల్ వాళ్ళు సమీకరణాలతో చేసిన పనిని వీళ్ళు కళ్ళతో చేశారు. గోడ నుంచి ఎంత వెలుగు వెనక్కొస్తుందో కంటితో పట్టి, చేత్తో దిద్దడం చిన్న విద్యేం కాదు.

ఆ విద్యకి ఇంకో దొంగ కూడా అడ్డుపడేవాడు, మానిటరు. లెక్కలో సగం వెలుగని వచ్చిన అంకెని, అంటే 0.5ని, అలాగే మానిటరుకి పంపిస్తే అది చూపించేది సుమారు 22 శాతమే. మానిటరు తనకిచ్చిన అంకెని 2.2 ఘాతానికి ఎక్కించి చూపిస్తుంది మరి. దానికి ముందే విరుగుడు లెక్క చెయ్యాలి. ఆరుబయట సీన్లలో ఇది పెద్దగా తెలియదు గానీ, గది లోపల సగం వెలుగులో, పావు వెలుగులో ఉండే చోట్లే ఎక్కువ కాబట్టి మూలలన్నీ చీకటిగుయ్యారాలు అయిపోయేవి. రెండరర్ తప్పు అనుకుని ఇంకో నాలుగు దొంగదీపాలు పెట్టేవారు. ఈ గామా సంగతి కాగితాల్లో ఎప్పుడో ఉన్నా, ఇళ్ళ బొమ్మలు చేసేవాళ్ళలో బాగా పాకింది 2000ల రెండో సగంలోనే.

ఈలోగా లెక్కలు మెల్లిగా బజారులోకి వచ్చాయి. రేడియోసిటీని ఆర్కిటెక్టుల చేతికిచ్చిన లైట్‌స్కేప్ 1990ల సాఫ్టువేరు. అది చివరికి ఆటోడెస్క్ చేతికొచ్చింది, ఆ విద్య 2002లో 3డీఎస్ మాక్స్ 5లో చేరింది. బల్బుల కంపెనీలు తమ లైటు ఏ దిక్కుకి ఎంత వెలుగిస్తుందో కొలిచి ఇచ్చే ఐఈఎస్ ఫైళ్ళు కూడా ఇలాంటి సాఫ్టువేర్లలోనే ఆర్టిస్టులకి అలవాటయ్యాయి. 1990ల నడుమ డెన్మార్కులో హెన్రిక్ వాన్ యెన్సెన్ ఫోటాన్ మ్యాపింగ్ కనిపెట్టాడు. దీపం వైపు నుంచి వెలుగు రేణువులు వెదజల్లి, అవి ఎక్కడెక్కడ పడ్డాయో రాసుకుని, తర్వాత కంటి వైపు నుంచి లెక్క చూసుకోవడం. 2002లోనే బల్గేరియాలోని సోఫియా నుంచి ఖేయాస్ గ్రూప్ అనే చిన్న కంపెనీ వీ-రే విడుదల చేసింది. దాని ఇర్రేడియన్స్ మ్యాపు గ్రెగ్ వార్డ్ 1988లో చెప్పిన కిటుకు వంశంలోదే.

వీ-రే వచ్చాక మన ఊళ్ళలో కూడా గది బొమ్మల రూపురేఖలు మారిపోయాయి. దాంతోపాటు ఒక మంత్రశాస్త్రం కూడా పుట్టింది. మిన్ రేటు మైనస్ 3, మాక్స్ రేటు 0, హెమిస్ఫెరిక్ సబ్‌డివ్‌లు 50... ఎందుకో అడగొద్దు, అలా పెడితే గోడ మీద మచ్చలు రావు. కాష్ కదా మరి, కాష్‌లకుండే జబ్బులన్నీ దీనికీ ఉన్నాయి. మూలల్లో మచ్చలు, తలుపు కింద నుంచి కారిపోయే వెలుగు, వీడియో చేస్తే ఫ్రేము ఫ్రేముకీ మిణుకుమిణుకు. కాష్ ఇన్వాలిడేషన్ కష్టమని మనం జోకులేసుకుంటాం, అది గోడ మీద కళ్ళారా కనబడేది ఇక్కడే :-)

పాచికలాట వాళ్ళు అప్పటికి ఊరుకోలేదు. స్టాన్‌ఫర్డ్‌లో ఎరిక్ వీచ్ అనే కుర్రాడు 1997లో సమర్పించిన థీసిస్‌ని ఈ రంగంలో అందరూ ఇప్పటికీ తిరగేస్తుంటారు. ఆయన, ఆయన గురువు లియోనిడాస్ గిబాస్ ఆ ఏడాదే పెట్టిన ఒక బొమ్మ ఉంది. గదిలో దీపం లేదు. దీపం పక్క గదిలో ఉంది, మధ్య తలుపు కాస్తే తెరిచుంది. ఆ సందులోంచి వచ్చిన వెలుగుతోనే గదంతా కనబడాలి. మన మండువా ఇంట్లో తాతగారి గది లాంటిదే. మామూలు పాత్ ట్రేసింగుకి ఇది ప్రాణాంతకం. వేసిన పాచికల్లో ఆ సందు దొరికేవి ఎన్ని? వీచ్ కిటుకు ఏమిటంటే, ఒక దారి దొరికితే దాన్ని వదలకుండా, దాని చుట్టుపక్కలే కొంచెం కొంచెం కదిలిస్తూ కొత్త దారులు వెతకడం. అన్నట్టు ఈయన తర్వాత గూగుల్‌లో చేరి ప్రకటనల వ్యవస్థ మీద పనిచేశాడు. ఈ పాత పనికి 2014లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం ఇచ్చారు.

మరోపక్క మార్కోస్ ఫహార్డో అనే స్పెయిన్ ఇంజనీరు, ఈ కాష్‌లూ ఫోటాన్లూ ఏవీ వద్దు, కజియా చెప్పిందే నేరుగా చేద్దాం అని ఆర్నాల్డ్ రాసుకున్నాడు. 2006లో వచ్చిన "మాన్‌స్టర్ హౌస్" సినిమా మొత్తం దాంతోనే చేశారు. మాడ్రిడ్ నుంచి వచ్చిన మాక్స్‌వెల్ కూడా అదే ఏడాది ఒకటో వెర్షన్ తెచ్చింది. 2011లో బ్లెండర్‌లో సైకిల్స్ వచ్చి పాత్ ట్రేసింగ్ అందరికీ ఉచితం అయిపోయింది. కాష్ పద్ధతుల్లో పెద్దపేరున్న మెంటల్ రే 2017లో దుకాణం కట్టేసింది. ఎందుకిలా జరిగింది? కంప్యూటరు గంట చవకయింది, మనిషి గంట ఖరీదయింది. మచ్చలు పోగొట్టడానికి ఆర్టిస్టు రెండ్రోజులు కూర్చునే బదులు, మెషీను రాత్రంతా కూర్చోవడం లాభం. తెలివైన కోడుని సోమరి కోడు ఓడించిన కథల్లో ఇదొకటి.

ఆ తర్వాత మిగిలిన చుక్కల సంగతి కూడా తేలిపోయింది. 2017లో ఎన్‌విడియా, 2019లో ఇంటెల్ న్యూరల్ నెట్‌వర్కుతో చుక్కలు తుడిచేసే సాఫ్టువేర్లు ఇచ్చాయి. 2018లో కిరణాల లెక్కకే ప్రత్యేకంగా చిప్పులో చోటిచ్చారు. 2022లో వచ్చిన అన్‌రియల్ ఇంజిన్ 5లో గదిలో తలుపు తెరిస్తే వెలుగు అప్పటికప్పుడు మారుతుంది. నిమిషాల్లో హాలు బొమ్మ తయారు. అయితే ఈ చుక్కలు తుడిచేది లెక్కగట్టడం లేదు, ఊహిస్తోంది. ఇలాంటి చోట సాధారణంగా ఇలా ఉంటుంది అని తనకి నేర్పిన బొమ్మల నుంచి పూరిస్తోంది. చూడ్డానికి చాలు. ఈ బల్ల మీద ఎన్ని లక్సులు అని అడిగితే మాత్రం దాన్ని నమ్మడానికి లేదు. యాంబియెంట్ స్థిరాంకంతో మొదలై నలభై ఏళ్ళు తిరిగి మళ్ళీ ఊహ దగ్గరికే వచ్చాం, ఈసారి ఊహ చాలా తెలివైనది.

ఇక అడ్వాన్సు సంగతి. ఈ చరిత్రలో రెండు పాయలున్నాయని మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. కార్నెల్, బర్క్లీ వాళ్ళది ఒక పాయ. గది కట్టకముందే, కట్టాక ఎలా ఉంటుందో చెప్పడం, చెప్పింది నిజమో కాదో కొలిచి చూడటం. రెండోది బొమ్మ నమ్మించాలి అనే పాయ. సూత్రాలు రెండిటికీ ఒకటే. లెక్క రానంతకాలం అబద్ధం మొహం మీదే కనబడేది. 1998 నాటి బ్రోషరు బొమ్మ చూసి ఎవరూ అది ఫోటో అనుకోలేదు. ఇప్పుడు గోడల లెక్క దాదాపు సరిగ్గానే ఉంటుంది, అబద్ధం ఇంకోచోటికి మారింది.

ఎక్కడికంటే, ఇన్‌పుట్‌లోకి. కిటికీ బయట కంటికి కనబడని పలక లైటు ఒకటి పెడతారు, ఆకాశం ఇచ్చేదానికంటే ఎక్కువ వెలుగు లోపలికొస్తుంది. ఎదురుగా నలభై అడుగుల దూరంలో రాబోయే రెండో టవరుని మోడల్లో పెట్టరు. కెమెరాని గోడ వెనక పెట్టి, అడ్డొచ్చే గోడని కోసేస్తారు, పది అడుగుల గది పదహారు అడుగుల్లా కనిపిస్తుంది. ఎక్స్‌పోజరు ఇష్టమొచ్చినంత పెంచుతారు. సూర్యుణ్ణి బొమ్మకి ఎక్కడ బాగుంటే అక్కడ పెడతారు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణంవైపు సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి మూడోవారం దాకా ఉత్తరం కిటికీలోకి నేరుగా ఎండ రానే రాదు. కానీ ఉత్తరం వైపు హాలు బొమ్మలో సోఫా మీద పసుపుపచ్చటి ఏటవాలు ఎండ పడుతూ ఉంటుంది. ఆ ఎండ పడ్డ సోఫా నుంచి గోడ మీదకి పాకిన లేత రంగు మాత్రం కజియా సమీకరణం ప్రకారం అక్షరాలా సరైనదే!

ఇవన్నీ చూసి కంప్యూటరు బొమ్మ అంటేనే మోసం అనెయ్యడం కూడా తప్పే. ఐకియా వాళ్ళు 2006లో ఒక చిన్న కుర్చీ బొమ్మతో మొదలుపెట్టి తమ కేటలాగులో వస్తువుల బొమ్మల్లో చాలాభాగం కంప్యూటర్లోనే చేసే స్థితికి వచ్చారు. 2009లో వాళ్ళ పైవాళ్ళు, ఈ కంప్యూటరు బొమ్మలు ఘోరంగా ఉన్నాయి ఆపండి అన్నారట. తీరా చూస్తే వాళ్ళు బాలేదన్నవి ఫోటోలు, బాగున్నాయన్నవి కంప్యూటరు బొమ్మలు. కానీ ఐకియా కుర్చీ షాపులో ఉంటుంది, వెళ్ళి కూర్చుని చూడొచ్చు. కట్టని ఫ్లాటులోకి వెళ్ళి కూర్చోలేం కదా. అక్కడ బొమ్మే సాక్ష్యం.

2016 నాటి రెరా చట్టం పన్నెండో సెక్షను, ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో మోడల్ ఫ్లాటులోనో ఉన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి బిల్డరు పరిహారం ఇవ్వాలంటుంది. బొమ్మ అడుగున చీమంత అక్షరాల్లో "చిత్రకారుడి ఊహ మాత్రమే" అని రాయడం అందుకే. మనం కోడు రాసి తినేవాళ్ళం, ఊహ అన్నమాట దగ్గర ఆగిపోవాల్సిన పని లేదు. ఆ సీన్ ఫైలు వాళ్ళ దగ్గరే ఉంటుంది. "డిసెంబరు 21 మధ్యాహ్నం మూడింటికి, ఎదురు టవరు పెట్టి, కనబడని లైట్లన్నీ తీసేసి, కెమెరా గది లోపలే ఉంచి ఇదే బొమ్మ మళ్ళీ తియ్యండి" అని అడగండి. దానికి కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, మహా అయితే పావుగంట పని. 1986లో కార్నెల్ వాళ్ళు డబ్బాకి పెట్టిన పరీక్ష ఇదే, కోటి రూపాయల ఫ్లాటుకి పెట్టడంలో తప్పేముంది? తియ్యం అంటే అదీ ఒక జవాబే. బొమ్మ ఇస్తే, అందులో వెనక పడగ్గది మూల చూడండి. అక్కడికి చేరిన వెలుగు ఎంతో, మీరు పగలు లైటు వెయ్యకుండా ఎన్ని గంటలు బతకగలరో అది చెప్తుంది.